మైకు మామయ్య వాల్యూమ్ పెట్టెలు

మైకు మామయ్యకి ఎవరిమీదా నమ్మకం లేదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, ఆయన నలుగురిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట. తాళం వేశాక ఒకసారి లాగి చూసుకునేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. మామయ్య రెండుసార్లు లాగి, మూడోసారి భార్యచేత లాగించి, ఆవిడ గట్టిగా లాగిందో లేదోనని నాలుగోసారి మళ్ళీ తనే లాగేవాడు.

"నన్ను కట్టుకునేముందు మాత్రం ఒక్కసారి కూడా లాగి చూసుకోలేదు, పాపం!" అనేది అత్తయ్య. ఆయన ఊరందరికీ మామయ్య అయ్యాక ఆవిడ అత్తయ్య కాక తప్పలేదు మరి.

డాక్టరు బీపీ చూసి బాగుందంటే, "మీ మిషను చివరిసారి ఎప్పుడు చెక్ చేయించారు సార్?" అని అడిగిన మనిషి. ఆయనకి అసలు పేరొకటి ఉందిగాని, కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా కనపడదు. మెట్లకింద చిన్న గదిలో కొట్టు. గోడనిండా చుట్టలు చుట్టిన వైర్లు, మూలన కాళ్ళు ముడుచుకుని నిలబడ్డ మైకు స్టాండ్లు, కాలిన సీసం వాసన. మీటింగులకీ పెళ్ళిళ్ళకీ మైకులు అద్దెకిచ్చేవాడు. వాటన్నిటికంటే స్థిరమైన పని మాత్రం టౌన్ హాల్లో. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాలు మైకులన్నీ ఆయన చేతిమీదే నడిచాయి.

ఆ హాల్లో ప్రతినెలా మొదటి ఆదివారం పొద్దున్న పదిగంటలకి చర్చ జరిగేది. దేవుడున్నాడా, లేడా? ఒకవైపు రుజువుగారు, ఇంకోవైపు గ్రంథంగారు. మిగతా వక్తలు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. వీళ్ళిద్దరు మాత్రం హాలు స్తంభాల్లాగా ఎక్కడివాళ్ళు అక్కడే.

రుజువుగారికి మందుల షాపు. ఆయన ఊతపదం "రుజువేదీ?" తలనొప్పికి బిళ్ళ అడిగినా, ముందు తలనొప్పేనని ఒప్పించుకోవాలి. దేవుడు లేడన్నది ఆయన వాదం. గ్రంథంగారు టైలరు. కుట్టుమిషను పక్కన కత్తెర, కత్తెర పక్కన ఆయన మతగ్రంథం, అందులో గుర్తుకోసం కొలతల టేపు. అందులో లేనిది లోకంలో లేదన్నది ఆయన వాదం. ప్యాంటు జిప్పు పాడైందని వెళ్ళినా దానికి సరిపడే వాక్యం ఒకటి చదివి గానీ కొత్త జిప్పు వేసేవారు కాదు.

"మామయ్యా, ఇంతకీ మీరెటువైపు?" అని ఎవరైనా అడిగితే ఆయన ఆంప్లిఫయరు వైపు చూపించేవాడు.

"అటువైపు. అదొక్కటే రెండువైపుల మాటా పూర్తిగా వింటుంది."

అందులో అబద్ధం లేదు. మూలన కూర్చుని ముప్ఫై ఏళ్ళు చూసినవాడికి కొన్ని విషయాలు తెలుస్తాయి. ఎదుటివాడు మాట్లాడుతుంటే వీళ్ళు వినరు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటారు. ఎదుటివాడి మాట ఎక్కడో గుచ్చుకుంటే రుజువుగారు కళ్ళజోడు తీసి తుడుస్తారు, అద్దం మీద మరకేమీ లేకపోయినా సరే. గ్రంథంగారు పేజీలు తిప్పుతారు, ముందుకో వెనక్కో చూసుకోకుండా. "మీకు అర్థం కావటం లేదు" అన్న మాట దగ్గర ఇద్దరి గొంతూ పెరిగి, గొంతు ఎంత పెద్దదో చూపించే ఆంప్లిఫయరు ముల్లు సరిగ్గా ఒకేచోటికి ఎగిరేది. చర్చ అయ్యాక ఇద్దరూ గెలిచి ఇంటికెళ్ళేవారు. ఓడిపోయినవాడు ఆ హాల్లోంచి మెట్లు దిగడం మామయ్య ఇంతవరకూ చూడలేదు.

అసలు గొడవ మాటల మీద కాదు, గొంతుల మీద.

"ఆయన మైకు పెంచావు!"

"నాది తగ్గించావు! నేను అసలు విషయానికొచ్చినప్పుడే తగ్గించావు!"

చర్చ సగంలో ఉండగానే ఇద్దరూ మామయ్య మీద పడేవారు. ఒకసారి రుజువుగారు తన బావమరిదిని చివరి వరుసలో కూర్చోబెట్టారు. గొంతు బాగా వినపడితే ఐదు వేళ్ళు, వినపడకపోతే ఒక వేలు. అదంతా నోటుబుక్కులో రాసుకొచ్చి చూపించారు.

"మీ బావమరిది చెవి కూడా సాక్ష్యమేనా?" అన్నాడు మామయ్య.

"మరి నా గ్రంథం మీద చెయ్యివేసి చెప్పు, తగ్గించలేదని!" అన్నారు గ్రంథంగారు.

"చెయ్యివేస్తే అది రుజువెలా అవుతుంది?" అని రుజువుగారు ఆయన మీదికి తిరిగారు. ఆ రోజు దేవుడి సంగతి అందరూ మర్చిపోయారు.

మామయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ వారం కొట్లో కూర్చుని రెండు చెక్కపెట్టెలు తయారుచేశాడు. పెట్టెమీద ఒక నాబ్, నాబ్ పక్కన చిన్న ఎర్రబల్బు. వెనకనుంచి నల్లవైరు ఒకటి బయల్దేరి స్టేజీ తివాచీ కిందికి వెళ్ళిపోతుంది. ఒకటి రుజువుగారి బల్లమీద, ఒకటి గ్రంథంగారి బల్లమీద పెట్టాడు.

"ఇదిగోండి. మీ గొంతు మీ చేతిలోనే. ఎంత కావాలంటే అంత పెంచుకోండి. ఇక నన్నడక్కండి."

వాళ్ళిద్దరూ నాబ్ తిప్పారు. బల్బు ధగధగా వెలిగింది. "ఆహా, ఇప్పుడు వినపడుతోంది!" అన్నారు ఇద్దరూ.

పెట్టెలో ఏముందో పాఠకులకి దాచడం ఎందుకు? రెండు బ్యాటరీలు, ఒక బల్బు, నాబ్. అంతే. నాబ్ తిప్పితే బల్బు వెలుగు పెరుగుతుంది, గొంతు పెరగదు. నల్లవైరు తివాచీ కింద మూడడుగులు పాకి ఒక మేకుకి ముడిపడి ఆగిపోతుంది. మైకుకీ ఆ పెట్టెకీ ఏ చుట్టరికమూ లేదు.

ఎవరూ విప్పకుండా మామయ్య తన వృత్తిలోవాళ్ళు చేసే పనే చేశాడు. స్క్రూల తలలమీద నెయిల్ పాలిష్ చుక్క వేసి సీలు చేశాడు. ఎవరైనా స్క్రూ తిప్పితే ఆ చుక్క పగిలి విప్పిన సంగతి బయటపడుతుంది. ఇంట్లో వెతికితే కూతురు అప్పట్లో కాలేజీకి వేసుకెళ్ళే గులాబీరంగు సీసా దొరికింది. ఆ సీసాతోనే ఆయన ఇంకో చోట కూడా రెండు చుక్కలు వేశాడు. ఆ సంగతి దాని సమయం వచ్చినప్పుడు చెప్పుకుందాం.

ఏడేళ్ళు కడుపులో చల్ల కదలకుండా గడిచాయి.

ఇప్పుడు అసలు కథ. మామయ్యకి కుడిచెవి మందగించింది. మైకులవాడికి చెవి పోవడమంటే టైలరుకి చూపు పోవడమే. హాలు పని కూతురికి అప్పజెప్పాలనుకున్నాడు. ఆ అమ్మాయి ఎలక్ట్రానిక్స్ చదివి, ఆరేళ్ళుగా ఎవరిదో రిపేరు కొట్లో టంకాలు వేస్తోంది. ఆరేళ్ళయినా ఆ ఓనరుకి ఆమె "ఆ అమ్మాయి"గానే ఉండిపోయింది. హాలు పని చేతికొస్తే సొంత కొట్టు, సొంత బోర్డు. ఆ బోర్డు మీద అక్షరాలు ఎలా ఉండాలో కూడా ఆమె కాగితంమీద గీసుకుని దాచుకుంది.

హాలు మేనేజరు ఒక్కటే షరతు పెట్టాడు. "రుజువుగారు, గ్రంథంగారు ఇద్దరూ సరేనని రాసివ్వాలి. వాళ్ళిద్దరూ ఒప్పుకుంటే ఈ హాల్లో ఇంక కాదనేవాళ్ళెవరు?"

ఇద్దరూ ఒకే విషయానికి ఒప్పుకోవడమా? మామయ్య ఆశ వదిలేసుకున్నాడు. కానీ వారం తిరక్కుండానే రెండు ఉత్తరాలూ మేనేజరు బల్లమీదికి వచ్చేశాయి. "అమ్మాయి తండ్రి నిజాయితీకి నేనే సాక్షి" అని రుజువుగారు. "ధర్మం తెలిసిన ఇంటి పిల్ల" అని గ్రంథంగారు.

కూతురు ఎగిరి గంతేసింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. మామయ్యకి మాత్రం అనుమానం పట్టుకుంది.

"ఇందులో ఏదో ఉంది," అన్నాడు.

"ఏముంటుందండీ? మంచివాళ్ళు కనక రాసిచ్చారు."

"మంచివాళ్ళా? అన్నేళ్ళు నన్ను తిట్టినవాళ్ళు ఒక్కసారిగా మంచివాళ్ళెలా అవుతారే?"

ఆలోచిస్తే అన్నీ గుర్తొచ్చాయి. మొన్న మందుల షాపుకి వెళ్తే రుజువుగారు కౌంటరు దాటి బయటికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "మీలాంటివాళ్ళు ఉండబట్టే మా ఉద్యమం నిలబడింది" అన్నారు. ఏ ఉద్యమం? ఆ మర్నాడు గ్రంథంగారు దారిలో ఆపి మామయ్య చొక్కాకి ఊడిన గుండీ అక్కడికక్కడే కుట్టి, దారం పళ్ళతో కొరికి, "నువ్వు చేసే సేవ పైవాడు చూస్తున్నాడులే" అంటూ కన్నుకొట్టారు. అరవై దాటిన మనిషి, అంత భక్తిపరుడు, నడివీధిలో కన్నుకొట్టడం!

మామయ్య భోజనం సగంలో లేచి హాలుకి పరిగెత్తాడు. స్టేజీ కింద అల్మారాలో పెట్టెలు రెండూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. తిరగేసి చూశాడు. నాలుగేసి స్క్రూలు. ఎనిమిదింటి మీదా గులాబీరంగు చుక్క పగిలి ఉంది.

ఎవరో విప్పారు. ఎవరు?

ఇంటికొచ్చి ముందు కూతుర్ని పట్టుకున్నాడు. "అమ్మడూ, హాల్లో నా పెట్టెలు విప్పావా?"

"ఏ పెట్టెలు?"

"అబద్ధమాడకు."

"నాన్నా, ఏ పెట్టెలో తెలియకుండా అబద్ధం కూడా ఎలా ఆడను?"

తర్వాత వంతు అత్తయ్యది. "నాకు స్క్రూడ్రైవరు కనపడితే వంటింట్లో డబ్బా మూత తీసుకుంటాను గానీ మీ పెట్టెలు నాకెందుకండీ!" అందావిడ. మామయ్యకి నమ్మకం కుదరలేదు. ఆ డబ్బా మూత కూడా ఒకసారి చూసొచ్చాడు.

అప్పటికి కూతురికి అనుమానం వచ్చింది. తండ్రి కూతురే కదా! "ఇంతకీ ఆ పెట్టెల్లో ఏముంది?" అని నిలదీసింది. మామయ్య చివరికి మొత్తం చెప్పేశాడు.

"ఏడేళ్ళుగా ఉత్త డొల్ల పెట్టెలా!" అంది. ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "రేపట్నుంచి నేను చెయ్యాల్సిన పని ఇదా?" అని అడిగింది.

మర్నాడు పెట్టెల్ని కొట్టుకి తెచ్చి భూతద్దం పెట్టాడు. రుజువుగారి బల్లమీది పెట్టె మూల నీలంరంగు పొడి కనపడింది. వేలితో రాసి చూశాడు. బట్టమీద గీతలు గీసే సుద్ద. అంటే రుజువుగారి పెట్టె విప్పింది టైలరు. ఇక గ్రంథంగారి పెట్టె మరీ శుభ్రంగా ఉంది. మామయ్య దృష్టిలో అతిశుభ్రత అంతకంటే పెద్ద అనుమానం. ముక్కు దగ్గర పెట్టుకుంటే స్పిరిట్ వాసన. స్క్రూ గాడిలో దూదిపోగు ఒకటి ఇరుక్కుని ఉంది. వేలిముద్రలు తుడిచేశారన్నమాట. అది మందుల షాపు పని.

ఒకరి పెట్టె ఒకరు విప్పారు! ఇద్దరికీ గుట్టు తెలిసిపోయిందన్నమాట. తెలిసి కూడా తిట్టకుండా ఉత్తరాలెందుకు ఇచ్చారు?

తిన్నగా మందుల షాపుకి వెళ్ళాడు. బేరం లేని వేళ చూసి అడిగాడు. "సార్, గ్రంథంగారి పెట్టె మీరు విప్పారు కదూ?"

రుజువుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మీ దగ్గర దాపరికమెందుకు? విప్పాను. పోయిన నెల ఆయన గొంతు మరీ మోగిపోతుంటే, ఆయన పెట్టెలో ఏమైనా ఎక్కువ పవరు పెట్టారేమోనని చూశాను. రుజువు కావాలిగా! తీరా చూస్తే ఉత్త బల్బు! అప్పుడు తెలిసింది మామయ్యగారూ, మీరు మొదట్నుంచీ మావైపేనని. పైకి గోడమీద పిల్లిలా కూర్చుని ఎంత పని చేశారండీ!"

"మరి... మీ పెట్టె విప్పి చూసుకున్నారా?"

"నాదెందుకండీ? నాది పనిచేస్తోందిగా. తిప్పితే పెరగడం నేనే నా చెవులతో వింటున్నాను. అంతకంటే రుజువేం కావాలి?"

మామయ్య దగ్గుబిళ్ళ ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు. నాలుగడుగులు వేసి ఆ బిళ్ళ మీద తారీఖు కూడా చూసుకున్నాడు.

టైలరుషాపులో గ్రంథంగారు మిషను తొక్కుతూనే మాట్లాడారు. "ఆ నాస్తికుడి పెట్టె నేనే విప్పాను. పాపం కాదులే, చెడును వెలికితియ్యడానికే. ఖాళీ! నాకు కళ్ళనీళ్ళొచ్చాయనుకో. లోలోపల ఎంత భక్తి ఉంటే ఏడేళ్ళు వాడి నోరు నొక్కిపెట్టావు!"

"మీ పెట్టె చూసుకున్నారా?"

మిషను ఆగింది. గ్రంథంగారు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "నమ్మకం ఉన్నవాడు పరీక్షిస్తాడటయ్యా?" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. మామయ్యకి నవ్వు రాలేదు.

"పోనిద్దురూ. ఇద్దరూ మీరు తమ మనిషనే అనుకుంటున్నారు. అమ్మాయికి పనొస్తుంది. ఎవరికీ నష్టం లేదు," అందావిడ.

"ఉంది," అంది కూతురు. బోర్డు గీసుకున్న కాగితం చేతిలో ఉంది, దాన్ని నలపకుండా జాగ్రత్తగా మడిచింది. "ఆ ఉత్తరాలు నీ నిజాయితీ చూసి ఇచ్చినవి కావు నాన్నా. నువ్వు చెయ్యని మోసాన్ని మెచ్చుకుని ఇచ్చినవి. వాటితో వచ్చే పని నాకొద్దు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"చెబితే ఉత్తరాలు వెనక్కి తీసుకుంటారే తల్లీ! నీ బోర్డు..."

"బోర్డుకేం, ఇంకో ఆరేళ్ళు ఆగుతుంది."

మామయ్య ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. ఇంత గట్టిగా మాట్లాడుతోందంటే లోపల ఏడుస్తోందేమోనని. అనుమానం నిజమే. కానీ అప్పుడు ఆ సంగతి పైకి అనకుండా ఉండేపాటి తెలివి ఆయనకుంది.

ఆదివారం వచ్చింది. హాలు నిండింది. పని అప్పగించే రోజు కనక ఆంప్లిఫయరు పెట్టె తాళంచెవి మొదటిసారి కూతురి చేతికొచ్చింది. ఆమె మూలన కూర్చుంది. మేనేజరు ముందు వరుసలో ఉత్తరాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చర్చ మొదలయ్యేముందు రెండు మాటలు చెబుతానని మామయ్య స్టేజీ ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళు మైకులు పెట్టాడుగానీ ఒక్కసారి కూడా మైకు ముందు నిలబడలేదు.

"అయ్యా, ఈ పెట్టెలు రెండూ ఇప్పుడు మీ ముందే విప్పుతాను," అన్నాడు.

గ్రంథంగారి పెట్టె మూత ముందు ఊడింది. రుజువుగారు ఆగలేకపోయారు. "చూశారా! డొల్ల! ఏడేళ్ళుగా ఉత్త బల్బు తిప్పుకుంటున్నారు!" అని చప్పట్లు కొట్టారు. గ్రంథంగారి మొహం కందిపోయింది. ఆ తర్వాత రెండో పెట్టె మూత ఊడింది. ఈసారి గ్రంథంగారు లేచి నిలబడి నవ్వబోయారు. కానీ తన పెట్టె సంగతి గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయింది. రుజువుగారు కళ్ళజోడు తీశారు. తుడుస్తున్నారు, తుడుస్తున్నారు. గ్రంథంగారు పేజీలు తిప్పుతున్నారు.



"రెండూ డొల్లేనండి," అన్నాడు మామయ్య. "మీ పోరు పడలేక చేశాను. ఈ ఏడేళ్ళలో ఎవరి గొంతూ పెంచలేదు, ఎవరిదీ తగ్గించలేదు."

"మోసం!" అన్నారు రుజువుగారు.

"పచ్చి మోసం!" అన్నారు గ్రంథంగారు.

ముప్ఫై ఏళ్ళలో ఆ స్టేజీమీద ఇద్దరూ ఒకే తీర్పు చెప్పడం అదే మొదలు.

"పెట్టెలు డొల్లయితే, అక్కడ మూలన కూర్చుని నువ్వు పెంచలేదని రుజువేదీ?"

"గ్రంథం మీద చెయ్యివెయ్యి!"

మామయ్య తల దించుకున్నాడు. చెప్పడానికి ఆయన దగ్గరొక మాట ఉంది, కానీ అది చెబితే తన తప్పూ బయటపడుతుంది. ఆ గోలలో మైకులు కీచుమన్నాయి. సర్దుదామని కూతురు ఆంప్లిఫయరు మీద చెయ్యివేసింది. తన ముందున్న మైకు ఆన్‌లో ఉందని ఆమెకి తెలియదు.

"నాన్నా, ఈ నాబ్‌లు రెండూ తిరగట్లేదేంటి?"

ఆమె గొంతు హాలంతా మోగింది. అందరూ అటు తిరిగారు. ఆమె వంగి చూసింది. "దీనిమీద... ఇది నా నెయిల్ పాలిష్ కదూ? కాలేజీ రోజులది! రెండు నాబ్‌లూ ఒకే అంకె దగ్గర అతికించేసి ఉన్నాయి."

మేనేజరు లేచి వెళ్ళి చూశాడు. అతని వెనక రుజువుగారు, ఆయన వెనక గ్రంథంగారు. రెండు మైకుల నాబ్‌లూ ఐదో గీత దగ్గర ఆగి ఉన్నాయి. గులాబీరంగు చుక్కమీద ఏడేళ్ళ దుమ్ము గట్టిపడి ఉంది. ఎక్కడా పగుల్లేదు. హాలు మొత్తానికి పెంచే పెద్ద నాబ్ ఒక్కటే తిరుగుతోంది. అది పెంచితే ఇద్దరి గొంతూ కలిసే పెరుగుతుంది.

"ఇదెప్పుడు అతికించారు?" అన్నాడు మేనేజరు.

ఇక తప్పలేదు. "ఆ పెట్టెలు చేసిన వారమే," అన్నాడు మామయ్య. "అంతకుముందు ఆదివారం వీళ్ళల్లో ఒకాయన, ‘ఈ మాత్రం మైకులు మోసుకునేవాడికి కూడా తెలుస్తుంది’ అన్నారు. నాకు కాలింది. కాసేపటికి చూస్తే ముల్లు కిందికి దిగుతోంది. ఎవరు దించుతున్నారా అని చూద్దును కదా, నా బొటనవేలే! లోకంలో అందర్నీ అనుమానించాను గానీ నా చేతిని అనుమానించాలని అప్పటిదాకా తోచలేదు. ఆ వారంలోనే సీలు వేసేశాను."

"ఎవరన్నారా మాట? ఎవరి మైకు తగ్గించావు?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"చెప్పను."

"నాదే అయ్యుంటుంది!" ఇదీ ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వులో రుజువుగారు కళ్ళజోడు పెట్టుకుని, గ్రంథంగారి వైపు చూసి, కాస్త తగ్గిన గొంతుతో అడిగారు. "మీరు నా పెట్టె విప్పారా?"

"మీరు నాది విప్పారా?"

"మీది మీరెందుకు విప్పుకోలేదు?"

గ్రంథంగారు జవాబు వెతుకుతున్నట్టు పుస్తకం వైపు చూశారు. దాన్ని తెరవలేదు. "మీరు చెప్పండి ముందు," అన్నారు.

రుజువుగారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. ఆ ఒక్క నిమిషం మామయ్య ఆంప్లిఫయరు ముల్లు వైపు చూశాడు. అది సున్నా దగ్గర ఉంది.

ఉత్తరాలు ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. అక్కడికక్కడే, కోపంగా. మేనేజరు ఇచ్చేశాడు. కూతురు సంచి సర్దుకుని లేచింది. అప్పుడతను, "ఎక్కడికమ్మా? కూర్చో," అన్నాడు. "ఆ ఉత్తరాలు అడిగింది, మీ నాన్న ఒకవైపు మొగ్గలేదని తెలియడానికే. ఇద్దరూ ఇంత సమానంగా మండిపడ్డాక నాకింక కాగితాలెందుకు? కానీ పెట్టెలు మాత్రం..."

"పెడతానండీ," అంది ఆమె. "మూత లేకుండా పెడతాను."

అలాగే పెట్టింది. తర్వాతి నెల చర్చలో రెండు బల్లలమీదా పెట్టెలు నోరు తెరుచుకుని ఉన్నాయి. బ్యాటరీలు, బల్బు, ముడేసి వదిలేసిన వైరు అందరికీ కనపడుతున్నాయి. చర్చ వేడెక్కగానే రుజువుగారి చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. బల్బు వెలిగింది. అది చూసి గ్రంథంగారూ తిప్పారు.

మామయ్య ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి జనం మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పక్కన అత్తయ్య ఉంది. కాసేపు విన్నాడు. తల కాస్త పక్కకి వంచి, ఎడమచెవి ముందుకి పెట్టి మళ్ళీ విన్నాడు.

"ఏమే, ఆ కుడివైపాయన గొంతు కాస్త ఎక్కువ మోగట్లేదూ?"

"నోరు మూసుకుని వినండి."

వినలేకపోయాడు. చర్చ అయ్యాక జనాన్ని తోసుకుంటూ మూలకి వెళ్ళి ఆంప్లిఫయరు మీదికి వంగాడు. నాబ్‌లమీద కొత్త సీలు, ఈసారి ఆకుపచ్చ రంగు. జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఏం చూస్తున్నావ్ నాన్నా?"

"ఏం లేదు. దుమ్ము పట్టిందేమోనని."

కూతురు నవ్వలేదు, విసుక్కోలేదు. వైరు చుట్టడం ఆపి, స్టూలు ఆయన వెనక్కి జరిపి, టేబుల్ లైటు వేసింది. "కూర్చుని చూడు. నిలబడి చూస్తే సరిగ్గా కనపడదు," అంది.

మామయ్య కూర్చున్నాడు. రెండు చుక్కలూ తీరిగ్గా చూశాడు. తర్వాత మరోసారి చూశాడు.